నవ్వించు దోపిడి
(వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు నివేదిక చదువుట వాడుక. ఈ యేటి నివేదిక అచ్చుపడి మీ చేతులలోనే యున్నది. ఉత్తీర్ణులైనవారి సంఖ్యయు, గ్రంథాలయమునకు వచ్చిన పుస్తకముల పట్టికయు అందు కలవు. కావున నాకిచ్చిన అరగంటను వేరొక విషయమునకు వినియోగించుకొనుటకు అధ్యక్షులవారి అనుమతి పొందితిని.

విషయము మీలో చాలమంది ఎరిగినదే. అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన పిమ్మట తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఈ సభామందిరముననే ఒక ఆంగ్ల చలనచిత్రమును ప్రదర్శించితిమి. దాని పేరు ‘ది లావెండర్ హిల్ మాబ్’. లావెండర్ హిల్ అనునది లండను నగరములో ఒక వీధి. మాబ్ అనగా ముఠా. అది దొంగతనపు కథ. అందును నవ్వులాట కథ. మరునాటి నుండి నాకు లేఖలు వచ్చినవి. హరిశ్చంద్రుని కథ చూపవలసిన చోట దొంగల కథ చూపుట యేమని కొందరు వ్రాసిరి. చూపినచో చూపిరి, పిల్లలతో పాటు ఉపాధ్యాయులును పకపక నవ్వుట యేమని మరికొందరు వ్రాసిరి. ఇకమీదట పాఠశాలలో చిత్రప్రదర్శనలు మానుకొనవలెనని సంఘమునకు ఒక విన్నపము కూడ చేరినది. రాబోవు మాసమున కార్యవర్గము దానిని విచారింపనున్నది. ఆ లేఖలలో ఒకటి నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది. దానిని గూర్చి తరువాత చెప్పెదను. ముందుగా ఇట్టి కథ మనుష్యుని ఎందుచేత ఆకర్షించునో, నాకు తోచినంత విన్నవించుకొందును.

చిత్రము చూచిన పిల్లలు ఇంటికి వచ్చి చెప్పినది సగము కథ మాత్రమే యని నా యనుమానము. ఆ సగములో పోలీసు కారుల పరుగే ఎక్కువగా నుండియుండును! కావున కథ క్లుప్తముగా చెప్పుట అవసరము.

ఇది 1951లో ఇంగ్లండునందలి ఈలింగ్ స్టూడియోవారు నిర్మించిన నలుపు తెలుపు చిత్రము. దర్శకుడు చార్లెస్ క్రైటన్. కథ వ్రాసినవాడు టి. ఇ. బి. క్లార్కు. ఈ రచనకు ఆయనకు ఆస్కారు బహుమానము లభించినది. యుద్ధకాలమున ఆయన లండను పోలీసు దళమున తాత్కాలికముగా పనిచేసెను. బ్యాంకు బంగారమును ఏ యుపాయమున దొంగిలింపవచ్చునో తనకు తోచక, బ్యాంకు ఆఫ్ ఇంగ్లండువారినే పోయి అడిగెననియు, వారు అందుకై యొక ఉపసంఘమునే యేర్పరచి ఆలోచించి చెప్పిరనియు ఒక ముచ్చట ప్రచారమున నున్నది. ఉపసంఘము లేనిదే ఏ పనియు సాగదనుట మన సంఘమువారికి కొత్త సంగతి కాదు.

కథానాయకుడు హాలండు అను బ్యాంకు గుమాస్తా. ఆలెక్ గిన్నెస్ అను మహానటుడు ఆ పాత్ర ధరించెను. శుద్ధి కర్మాగారము నుండి బంగారపు కడ్డీలను మోటారు వ్యానులో బ్యాంకునకు చేర్చుట అతని ఉద్యోగము. ఇరువది యేండ్లుగా ఆ పనియే. వెనుక ఏ కారు వచ్చినను అనుమానించును. లెక్కలో రవ్వంత తేడాను సహింపడు. అతని యతిజాగ్రత్తను చూచి తోడివారు విసుగుకొందురు. పైయధికారులు నిజాయితీపరుడని మెచ్చుకొని, తెలివితేటలు లేనివాడని చప్పరింతురు. ఒక పూటకూళ్ల యింటిలో చిన్న గదియే అతని సంసారము. ఇరువది యేండ్లును అతని మనస్సులో ఒక్కటే ఆలోచన. బంగారమును దొంగిలించుట సులభమే. దానిని దేశము దాటించుట యెట్లు?

ఆ పూటకూళ్ల యింటికి పెండ్లబరీ అను కొత్త బాడుగదారు వచ్చెను. యాత్రికులు కొనుక్కొని పోవు చిల్లర బొమ్మలను పోతపోయించుట అతని వ్యాపారము. అతని కార్ఖానాలో కరిగిన సీసము అచ్చులలో పడి చిన్న చిన్న ఈఫిల్ గోపురములుగా మారుటను హాలండు చూచెను. ఇక చెప్పనేల? సీసమునకు బదులు బంగారము పోసి, పైన రంగు పూసినచో, సుంకపు అధికారుల కన్నుల యెదుటనే పారిసు నగరమునకు పంపవచ్చును.

అయితే ఇద్దరును పెద్దమనుష్యులు. దొంగతనపు అనుభవము లేనివారు. అనుభవజ్ఞులు కావలెను. మనము ఉపాధ్యాయుల కొరకు పత్రికలో ప్రకటించినట్లు దొంగల కొరకు ప్రకటింప వీలులేదు గదా! భూగర్భ రైలులోను, జనసమ్మర్దముగల యితర స్థలములలోను నిలిచి, తమ కార్ఖానాలోని ఇనుపపెట్టె చెడిపోయినదనియు, కూలివాండ్ర జీతపు సొమ్మంతయు అందులోనే యున్నదనియు వారు బిగ్గరగా చెప్పుకొనిరి. ఆ రాత్రియే ఇద్దరు చిల్లర దొంగలు కార్ఖానాకు దయచేసిరి. ఈ ఘట్టమున మన మందిరమున మొదటి నవ్వు లేచినది.

దోపిడి జరిగినది. పది లక్షల పౌనులకు పైబడిన బంగారము పోయినది. కట్టివేయబడి నదిలో పడిన హాలండును జనులు వీరుడని పొగడిరి. పెండ్లబరీ మాత్రము ఆ సమయముననే వీధిలోని యొక అంగడి పటమును పరధ్యానముగా చేతపట్టుకొని నడచి, దొంగయని పట్టుబడెను! లక్షల బంగారము అతనిదగుచున్న వేళ చిల్లర పటము కొరకు పోలీసు ఠాణాకు పోవుట యెంత హాస్యమో చూడుడు.

పిల్లలు చెప్పక విడిచిన ముఖ్యమైన సంగతి ఇక వచ్చుచున్నది. బంగారపు గోపురములున్న పెట్టెకు ఇంగ్లీషు అక్షరము ‘ఆర్’ గుర్తుగా వేసిరి. ఆ గుర్తుగల పెట్టెను తెరువవలదని పారిసులోని అంగడివారికి చెప్పిరి. ఆంగ్లేయుని నోట ‘ఆర్’ అనునది ‘ఆ’ వలె వినిపించును. చివరి రేఫను అతడు మ్రింగివేయును. ఫ్రెంచివారికి ‘ఆ’ అనగా వర్ణమాలలోని మొదటి యక్షరము. కావున అంగడి ఆమె మొదటి యక్షరము గుర్తుగల పెట్టెను భద్రముగా దాచి, తెరువకూడని పెట్టెను తెరచెను. అందులోని ఆరు గోపురములను లండను నుండి విహారయాత్రకు వచ్చిన బడిపిల్లలు కొనుక్కొనిపోయిరి. ఇరువది యేండ్ల ఆలోచన ఒక్క యక్షరపు ఉచ్చారణలో మునిగినది!

ఈ చోట మన పిల్లలు నవ్వినంతగా లండను పిల్లలైనను నవ్వియుండరని నా నమ్మకము. ఎందుకనగా ఇది మన యింటి కథ. ఇంట తెలుగు, వీధిలో అరవము, కచేరీలో కన్నడము, పుస్తకములో ఇంగ్లీషు. ఈ నాలుగింటి నడుమ పెరుగుచున్న పిల్లలు వీరు. మొదటిసారి కన్నడపు ఇంటికి భోజనమునకు పోయిన తెలుగు పిల్లవానిని ‘ఊట’ అయినదా అని అడిగినచో, వాడు నీటి ఊటను వెదకుచు పెరటివైపు చూచును. వడ్డించునప్పుడు ఆ యింటివారు ‘సాకు’ అనినచో, ఎవరు సాకు చెప్పుచున్నారా యని బిత్తరపోవును. వారి ‘సాకు’ మన ‘చాలు’. అక్షరములు దాదాపు ఒక్కటే. మాట మాత్రము చేయి జారిపోవును. ఈ జారుపాటు ఎంత కష్టమో, ఎంత హాస్యమో మనకు తెలిసినంతగా ఒక్క భాష మాత్రమే మాట్లాడు ఊరివారికి తెలియదు. తెరమీద దొంగలు తెల్లబోయి నిలువగా, పదవ తరగతి వెనుక బల్లనుండి ఒక బాలుడు “సాకు, సాకు” అని కేక వేసెను. వానిని మందలింపవలసినది, నాకు నవ్వు వచ్చినందున మందలింపలేకపోతిని.

మిగిలిన కథ మూడు మాటలు. ఇద్దరును ఈఫిల్ గోపురపు మెట్లచుట్టు వెంట తలతిరుగునట్లు దిగి పిల్లలను వెంబడించిరి, ఓడ తప్పిపోయినది. ఇంగ్లండునకు మరలి, బడికి పోయి, పది షిల్లింగులును అట్టిదే మరియొక గోపురమును ఇత్తుమనగా ఐదుగురు బాలికలు తమ బొమ్మలనిచ్చిరి. ఆరవ బాలిక ఈయనన్నది. తన స్నేహితుడైన పోలీసువానికి కానుకగా ఇచ్చుటకు దానిని కొన్నది. మాట మార్చుటకు ఒప్పుకొనలేదు. ఆ బొమ్మ పోలీసువాని చేతినుండి పోలీసు ప్రదర్శనశాలకే చేరినది. అక్కడ చుట్టును పోలీసులు, నడుమ ఈ ఇద్దరు! ‘దొంగకు తేలు కుట్టినట్లు’ అను మన సామెతకు అంతకన్న మంచి చిత్రము వ్రాయలేము. ఆపైన కారుల పరుగు, పోలీసు రేడియోలో పిల్లల పాట వినబడుట, పెండ్లబరీ పట్టుబడుట, హాలండు ఆరు గోపురములతో దక్షిణ అమెరికాలోని రియో నగరమునకు పారిపోవుట. ఇవన్నియు మీ పిల్లలు చెప్పియే యుందురు. చిత్రారంభమున హాలండు రియోలో విలాసముగా కూర్చుండి ఒక ఆంగ్లేయునకు ఈ కథ చెప్పుచుండును. చివర ఇద్దరును లేచునప్పుడు, హాలండు చేయి ఆ ఆంగ్లేయుని చేతితో సంకెలవేయబడి యున్నదని తెలియును. వినుచున్నవాడు అతనిని పట్టుకొనుటకు వచ్చినవాడు.

ఇప్పుడు ప్రశ్నకు వచ్చెదను. ఇందులో మనలను ఆకర్షించినదేమి? దొంగిలింపబడిన బంగారమా? కాదు. చిత్రము ముగిసిన పిమ్మట ఆ బంగారము విలువ ఎంతయని తొమ్మిదవ తరగతిలో అడిగితిని. ఒక్కరికిని జ్ఞాపకము లేదు. అచ్చులో పోతపోయుట యెట్లో, పెట్టెమీద ఏ యక్షరమున్నదో, ఏ పిల్ల ఏమన్నదో అందరికిని జ్ఞాపకమే. అనగా వారు చూచినది పని. వడ్రంగి పలకకు పలక అతుకుచుండగా దారిన పోవు పిల్లవాడు బడికి ఆలస్యమగునని తెలిసియు నిలిచిపోవును. ఏమి చేయబోవుచున్నారో ముందుగా తెలిసి, అది చేయబడుచుండగా చూచుటలో ఒక విచిత్రమైన ఆనందము కలదు. ఆ పథకములో ఎక్కడనో ఒక మేకు వదులగును. మనకు తెలియును, వారికి తెలియదు. అప్పుడు గుండె కొట్టుకొనును. మరుక్షణమున నవ్వు వచ్చును.

ఈ రుచి మనకు ఆంగ్లేయులు నేర్పినది కాదు. శూద్రకుని మృచ్ఛకటికమున మూడవ యంకము చూడుడు. శర్విలకుడు చారుదత్తుని యింటికి కన్నము వేయ వచ్చును. కొలత్రాడు మరచి వచ్చినందున జందెమునే కొలత్రాడుగా వాడుకొనును. కన్నము పద్మాకారమున నుండవలెనా, అర్ధచంద్రాకారమున నుండవలెనా, స్వస్తికమువలె నుండవలెనా యని శాస్త్రచర్చ చేసి, కాల్చిన యిటుకల గోడకు పూర్ణకుంభమే తగునని నిశ్చయించును. తెల్లవారి చూచినవారు తన పనితనమును మెచ్చుకొనవలెనట! చారుదత్తుడు నిజముగనే మెచ్చుకొనును. మన కేతన పదుమూడవ శతాబ్దమున తెనిగించి తిక్కనకు అంకితమిచ్చిన దశకుమార చరిత్రమునందలి అపహారవర్మ మాత్రము తక్కువవాడా? చంపానగరమునందలి లోభులకు ధనము నిలుకడలేనిదని తెలుపుటకు వారి యిండ్లను కొల్లగొట్టిన ఘనుడాతడు. ఇక భాష మాట. మనము ముద్దుపిల్లవానిని “ఓరి దొంగా!” అని యెత్తుకొందుము, దేవుని వెన్నదొంగ యని పిలిచి హారతి ఇత్తుము. దొంగ నిద్ర, దొంగ యేడ్పు, దొంగ నవ్వు, ఇన్ని మాటలు కల జాతి దొంగ కథకు నవ్వక యుండుట సాధ్యమా?

అయితే ఏ దొంగతనమైనను నవ్వించునా యనినచో, లేదు. ఇక్కడ ఒక గీత కలదు. హాలండు దోచినది బ్యాంకు సొమ్ము. దానికొరకు ఏ యింటను పొయ్యి ఆరిపోలేదు. ఎవరికిని గాయము తగులలేదు. అదే ఒక విధవరాలి పుస్తెలత్రాడైనచో, ఎంత నేర్పుతో దొంగిలించినను మనము నవ్వజాలము. శూద్రకునకు ఈ గీత బాగుగా తెలియును. కన్నపు అందమును మెచ్చి మనలను నవ్వించిన మరుక్షణముననే, పోయినది ఇతరులు దాచుకొనుటకిచ్చిన నగయని గుర్తు చేయును. దరిద్రుడైన చారుదత్తుడు దొంగలు పడిరనినచో లోకము నమ్మునా? ఆయన భార్య ధూత తన రత్నహారమును తీసి యిచ్చును. అక్కడ నవ్వు ఆగిపోవును. ఇట్టి కథలు వ్రాయువారి నేర్పంతయు నవ్వు ఎక్కడ ఆగునో ముందే తెలిసికొని, అక్కడికి పోకుండుటలో నున్నది. లేదా శూద్రకునివలె తెలిసియే పోవుటలో నున్నది.

1966లో విలియం వైలర్ తీసిన ‘హౌ టు స్టీల్ ఎ మిలియన్’ అను చిత్రమున ఈ జాగ్రత్త పరాకాష్ఠకు చేరినది. అందు పారిసులోని ఒక ప్రదర్శనశాల నుండి దొంగిలింపబడు విగ్రహము కథానాయిక కుటుంబముదే, అదియును నకిలీ. పరీక్షకులు వచ్చి నకిలీయని తేల్చులోపల దానిని మాయము చేయుటకే దొంగతనము! నాయకుడు ఒక బూమరాంగును విసరి ప్రమాద ఘంటను పదేపదే మ్రోగించును. విసిగిన కాపలావారు తుదకు ఘంటనే ఆపివేయుదురు. అందులోని నాయిక ఆడ్రీ హెప్బర్న్, పదునైదేండ్లకు ముందు మన లావెండర్ హిల్ చిత్రారంభమున కొద్ది క్షణములు కనబడిన బాలయే. మన తెలుగున 1991లో వచ్చిన ‘క్షణ క్షణం’ నా యీడువారందరును చూచినదే. బ్యాంకులో దోచిన సొమ్ముచుట్టు ఆ కథ తిరుగుచుండగా, మనము చూచినది సొమ్మును గాదు. అడవిలో శ్రీదేవి భయమును, వెంకటేశు కొంటెతనమును.

1951 నాటి లండనువాసులు ఈ చిత్రమును ఎందులకంతగా ఆదరించిరో కూడ కొంచెము తలచుకొనవలెను. యుద్ధము ముగిసి ఆరు సంవత్సరములు. బాంబులకు కూలిన కట్టడముల మొండిగోడలు చిత్రములోనే కనబడును. ఆహారమునకు రేషను చీటీలు 1954 వరకు తొలగలేదు. జయించిన దేశమే క్యూలో నిలిచి మాంసము కొనుక్కొనుచుండెను. అట్టివారికి వరుసలో చిరకాలము నిలిచిన యొక చిన్న గుమాస్తా ఒక్కసారి వరుస విడిచి నడచిపోవుట ఎట్లుండునో ఊహింపుడు. వారెవరును బ్యాంకులు దోచుటకు పోలేదు. ఎనుబది నిమిషములు నవ్వుకొని, మరల వరుసలోనే నిలిచిరి.

ఇక నేను ముందు చెప్పిన లేఖ. వ్రాసినవారు ఈ యూరి పెద్దలలో ఒకరు. పేరు చెప్పుట మర్యాద కాదు. మన యూరు ఏ యూరు? కోలారు బంగారు గనులు. 1880 నుండి జాన్ టైలరు కంపెనీవారు త్రవ్వించిరి. 1956లో మైసూరు ప్రభుత్వము చేతికి వచ్చినవి. 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. సుమారు నూటయిరువది యేండ్లలో ఎనిమిది వందల టన్నుల బంగారము ఈ నేలనుండి పోయినదందురు. మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు మన పెద్దలు దిగిరి. తొలిరోజులలో ఆ బంగారము లండనుకే పోవుచుండెను. హాలండు కరిగించిన కడ్డీలలో మన కోలారు బంగారమున్నదని నేననను. లేదని ప్రమాణమును చేయజాలను!

ఆ పెద్దమనిషి గనిలోపలివారు కారు. పైన బంగారము కరిగించు చోట ఉద్యోగము. ముప్పది సంవత్సరములకు పైగా కడ్డీలు వారి కన్నుల యెదుట పోతపడినవి. ప్రతిదినము పని ముగిసిన పిమ్మట గేటువద్ద సోదాకు నిలిచి ఇంటికి వచ్చిరి. గోరుసందున రజను కూడ అంటనీయలేదు. గనులు మూతపడిననాడు వారికి మిగిలినది ఒక గది యిల్లు. ఇప్పుడు వారి మనుమడు మన పదవ తరగతిలో నున్నాడు. చిత్రము చూచి ఇంటికి పోయి, “తాతా, నీవును హాలండువలె ఒక్క గోపురమైన పోసియుంటివి గావా?” అని నవ్వుచు అడిగెనట. వారు నాకు వ్రాసినదేమనగా, ఆ నవ్వులో తమ ముప్పది యేండ్లును మూర్ఖత్వముగా మారిపోయినవని. దొంగ తెలివిగలవాడని చూపితిరి. దొంగిలింపనివాడెవడని పిల్లవాడు తలచవలెనని అడిగిరి.

ఈ ప్రశ్నకు కార్యవర్గము తీర్మానము సమాధానము కాదు. నాకు తోచినది చెప్పెదను. ‘ఇంటి దొంగను ఈశ్వరుడైన పట్టలేడు’ అందురు. హాలండు ఎందుచేత పట్టుబడలేదు? ఇరువది యేండ్లు అతడు నిజముగా నిజాయితీతో పనిచేసెను గనుక. అతని దొంగతనమునకు పెట్టుబడి నిజాయితీయే. లోకములో వేలకొలది గుమాస్తాలు నమ్మదగినవారు కానిచో ఆ కథలో హాస్యమే లేదు; ప్రతివానిని అనుమానించు లోకమున హాలండును మొదటిదినముననే పట్టియుందురు. ఈ చిత్రమును చూచి నవ్వువాడు తెలియకయే ఆ వేలమందిని నమ్మి నవ్వుచున్నాడు. హాలండును మెచ్చుకొని, అతనికి తెలివిలేదని చప్పరించిన అధికారిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. చిత్రకారుడు వెక్కిరించినది నమ్మకముగా పనిచేసినవానిని కాదు. వానిని ఇరువది యేండ్లు చూచియు చూడనివారిని. అంత నమ్మకస్థుడు నదిలో పడి లేచినగాని ఎవరికిని వీరుడుగా కనబడలేదు.

ఇంకొక మాట. ఈ కథలో దొంగలను ఓడించినదెవరు? పోలీసు కారులా? అవి ఒకదానితో నొకటి ఢీకొన్నవి. బ్యాంకుపై తలగొట్టినవాడు ఒక బడిపిల్ల చేతిలోని బొమ్మను కొనలేకపోయెను. పది షిల్లింగులు ఆనాటి బడిపిల్లకు చిన్న సొమ్ము కాదు. ఐదుగురు పుచ్చుకొనిరి, తప్పేమియు లేదు. ఆరవ పిల్ల నీతి యుపన్యాసమేమియు చేయలేదు. ఇది నా స్నేహితునికని మాత్రము చెప్పినది. ఆమె పాత్ర తెరమీద నుండునది కొద్ది క్షణములు. నవ్వుల సందడిలో మనవాండ్రలో చాలమంది ఆమెను గమనింపలేదు. ఆ మనుమనిని మరునాడు పిలిచి, హాలండును గెలిచినదెవరని అడిగితిని. చాలసేపు ఆలోచించి, “పోలీసులు” అనెను. మరల ఆలోచింపుమంటిని. మూడవనాడు వచ్చి, తలవంచుకొని, “ఆ పిల్ల” అనెను. ఈ రెండు దినములలో వాడు చేసిన ఆలోచన నేను హరిశ్చంద్ర నాటకము చెప్పినచో చేసియుండునా? చేయడని నా యభిప్రాయము. తెలుగు పండితులవారు క్షమింపవలెను.

చిత్రము చివరనున్న సంకెలను గూర్చి కొందరు పోషకులు సంతోషించిరి: దొంగకు శిక్ష పడినదని. అమెరికాలో 1968 వరకు అమలుననున్న నిర్మాణ నియమావళి ప్రకారము నేరస్థుడు లాభముతో తప్పించుకొనుట తెరమీద చూపరాదు. అక్కడ ఆడవలెనను చిత్రములన్నియు ఆ కట్టుబాటును లెక్కింపవలసియుండెను. కాని ఈ సంకెల అంత బరువైనది కాదు. ఇద్దరును స్నేహితులవలె మాట్లాడుకొనుచునే లేతురు. శిక్షకన్న ఆ మర్యాదయే నాకు నచ్చినది.

మన యూరి పేరుతో 2018లోను, 2022లోను వెలువడిన రెండు కన్నడ చిత్రములు దేశమంతట ఆడినవి. తెలుగులో కూడ చూచితిరి. అందు బంగారముచుట్టు రక్తము ప్రవహించును. ఆ చిత్రముల నేర్పును కాదనను. అయితే బయటి ఊరివారు మన పిల్లలను మీ యూరు అట్టిదేనాయని అడుగుచున్నారు. గుద్దులు, తుపాకులు లేకుండ బంగారపు కథ చెప్పవచ్చునని వారికి ఒక్కసారి చూపుట యవసరమని తోచినది. పిల్లలు రెండును చూచిరి. పోల్చుకొను పని వారిది.

చిత్రప్రదర్శనలు ఉండవలెనా మానవలెనా యనునది కార్యవర్గపు నిర్ణయము. దానికి నేను బద్ధుడను. అంతవరకు ఒక ఏర్పాటు చేసితిని. ఈ శనివారము మధ్యాహ్నము రెండుగంటలకు అదే చిత్రమును పోషకుల కొరకు మరల ప్రదర్శింతుము. లేఖలు వ్రాసినవారందరును దయచేయ ప్రార్థన. ఆ పెద్దమనిషిని స్వయముగా పోయి ఆహ్వానించితిని. మొదట నిరాకరించిరి. చిత్రము ముగిసిన వెంటనే బంగారము ఎట్లు కరిగించిరో, ఎట్లు తూచిరో, ఎట్లు కాపాడిరో పదవ తరగతివారికి చెప్పవలెనని కోరగా అంగీకరించిరి. త్రాసును గూర్చి, మూసలను గూర్చి అప్పుడే రెండు కాగితములు వ్రాసికొనియున్నారని వారి మనుమడు చెప్పినాడు. చిత్రము ఒక గంట ఇరువది నిమిషములు. వారి ప్రసంగమునకు మాత్రము గడువు పెట్టలేదు.